పేరు పెయింటుతోనా, సుద్దముక్కతోనా?

కొత్తకోడలు గృహప్రవేశం మీరంతా చూసిందే. గడప మీద బియ్యం నింపిన పాత్ర పెట్టి కుడికాలితో తన్నిస్తాం. ఆడబడుచులు గుమ్మానికి అడ్డంగా నుంచుని మొగుడి పేరు చెబితేగాని లోపలికి రానివ్వమంటారు. హారతి పళ్ళెం, అందులో రూపాయలు, నవ్వులు, ఫోటోలు - ఆ సందడంతా గడప దగ్గరే. మర్నాడు పొద్దున్న ఆ పిల్ల వంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలియక దిక్కులు చూస్తే మాత్రం, "ఈ మాత్రం చూసుకోలేవుటమ్మా?" అంటాం. స్వాగతం చెప్పడంలో మనల్ని మించినవాళ్ళు లేరు. ఉప్పుడబ్బా చూపించడం దగ్గరే మనకు నోరు రాదు.

ఈ మాట ఇప్పుడెందుకు తోచిందంటే, మొన్నామధ్య మా సంస్థలోకి ఒక కొత్త టీచరమ్మ వచ్చింది. సంస్థ పేరు చెప్పను. చెప్పేది మా తప్పులు కనక, పేరు దాచుకోవడమే మర్యాద.

బెజవాడలో ఆటోనగర్ తెలియనివారుండరు. బందరు రోడ్డు మీదుగా వెళుతుంటే లారీలు, లారీల మధ్య షెడ్లు, షెడ్లలో సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు. పాత లారీ విప్పేవారొకచోట, కొత్తదానికి బాడీ కట్టేవారొకచోట. ఆ షెడ్లలో స్పానర్లు అందిస్తూ, సామాన్లు కడుగుతూ, రంగులు కలుపుతూ పని నేర్చుకునే కుర్రాళ్ళుంటారు. వాళ్ళకోసం దగ్గరలోనే ఒక గోడౌను మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకుని, సాయంత్రం ఏడునుంచి తొమ్మిదిన్నర దాకా చదువు చెప్పిస్తున్నాం. నేను 30 ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. లెక్కలు రావు కనక కాబోలు, నన్ను కోశాధికారిని చేశారు.

"పిల్లలందరికీ చదువు హక్కని చట్టం ఉంది కదమ్మా, మళ్ళీ మీ రాత్రి బడి ఎందుకూ?" అని అడిగేవారున్నారు. ఉంది నిజమే. 2009లో చేసిన చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే ఆ హక్కు 6 నుంచి 14 ఏళ్ళ వయస్సు వరకే. పదిహేనో ఏట చదువు గుర్తొచ్చిన కుర్రాడికి ఆ తలుపు మూసుకున్నట్టే. బాలకార్మికుల చట్టాన్ని 2016లో సవరించి, 14-18 ఏళ్ళవారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టరాదన్నారు. ఏది ప్రమాదమో ఏది కాదో అన్నది షెడ్డు మేస్త్రీలకూ మాకూ నిత్యం జరిగే తగాదా. ఇక చదువు దారి ఒకటే మిగిలింది, ఓపెన్ స్కూలు. 14 నిండినవాళ్ళెవరైనా బడికి వెళ్ళకుండానే పదో తరగతి పరీక్షకు కట్టవచ్చు. కట్టడం తేలికే. పాసవడానికి పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషే మా టీచరు.

సరే, కొత్తమ్మాయి వచ్చే రోజు మా కమిటీవారంతా పెందరాళే వచ్చేశారు. పూలదండ వచ్చింది. మిఠాయి పొట్లాలు వచ్చాయి. అధ్యక్షులవారు ఉపన్యాసం కాగితం జేబులో సవరించుకుంటున్నారు. గుమ్మానికి కట్టడానికి ఒక రేకుబోర్డు ఉంది మాకు. దానిమీద 'సుస్వాగతం' అని శాశ్వతంగా రాసి, కింద వచ్చినవారి పేరు రాయిస్తాం. రాసేవాడు మా కుర్రాళ్ళలోనే ఒకడు, పదహారేళ్ళవాడు, పెయింటింగు షెడ్డులో పని. లారీల వెనక తలుపులమీద వాడు రాసే అక్షరాలు చూస్తే ముత్యాలే! విచిత్రమేమిటంటే, వాడికి చదవడం రాదు. కాగితం మీద రాసిచ్చిన దాన్ని బొమ్మ దించినట్టు దించుతాడు. 'శబ్దం చేయుము' అని వాడు రాసిన లారీలు ఎన్ని ఊళ్ళు తిరుగుతున్నాయో! వాడికి మాత్రం అది వంకర గీతల వరసే.

ఆ పిల్ల పేరు ఒక చీటీ మీద రాసి వాడి చేతికిచ్చాను. వాడు చీటీ చూశాడు, బోర్డు చూశాడు. పాత పేరు మీద తెల్లరంగు పూసి ఆరబెట్టాడు. అది నాలుగో పూత. అంచుల దగ్గర పెచ్చులు లేచి, కిందటి పేర్ల రంగులు పొరలు పొరలుగా కనిపిస్తున్నాయి. తర్వాత నావైపు తిరిగి, ఏమాత్రం ఎగతాళి లేకుండా, పనివాడు పని గురించి అడిగినట్టే అడిగాడు:

"అమ్మగారూ, పేరు పెయింటుతో రాయమంటారా, సుద్దముక్కతో రాయమంటారా?"

"అదేమిట్రా?" అన్నాను.

"ఏం లేదండి. సుద్దముక్కయితే తుడవడం సులువు. పెయింటు దండగ గదండీ."

నాకు నోట మాట రాలేదు. వెనకనున్న కుర్రాళ్ళలో ఒక్కడూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. రెండేళ్ళలో నలుగురు టీచర్లు వచ్చి వెళ్ళారు. కొత్తావిడ పేరు నోటికి పట్టేలోగా ఆవిడ ఉండదని వాళ్ళు ఏనాడో లెక్క కట్టేశారు. పేర్లు నేర్చుకోవడమే మానేశారు. ఎవరొచ్చినా 'మేడం'. మనిషి మారినా ఆ పిలుపు మారదు, శ్రమ లేదు.

"సుద్దముక్కతోనే రాయి" అన్నాను. ఆ వేళ అంతకన్న ధైర్యం నాకూ లేదు.

సభ జరిగింది. దండ వేశాం. అధ్యక్షులవారు విద్యాదానం గొప్పతనం గురించి ముప్పావుగంట చెప్పారు. కొత్తమ్మాయిది పలాస దగ్గర పల్లెటూరు. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు వొలుస్తుంది. దండ బరువుకి మెడ వంచి, పళ్ళెంలో మిఠాయి ముట్టకుండా కూర్చుంది. సభ అయ్యాక మేమందరం వెళ్ళిపోయాం. గదిలో ఆ పిల్ల, ముక్కూ మొహం తెలియని 27 మంది కుర్రాళ్ళూ మిగిలారు.

ఇంటికొచ్చి మావారితో సుద్దముక్క సంగతి చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "వచ్చేవాళ్ళకు బోర్డులు రాయిస్తున్నారు సరే. వెళ్ళేవాళ్ళను ఎందుకు వెళుతున్నావమ్మా అని ఎప్పుడైనా అడిగారా?" అన్నారు.

అడగలేదు. అడక్కపోగా, పోయిన టీచరు మానేసిన రోజున, "ఈ కాలపు పిల్లలకు సేవాదృష్టి లేదు" అని కమిటీలో ఒకరన్నారు. అందరూ తలలూపారు. అలా అన్నది నేనే. ఆ పిల్లకు మూడు నెలల జీతం బాకీ ఉన్న సంగతి అందరికన్న బాగా తెలిసిందీ నాకే. చందా ఇస్తామన్నవారు ఆలస్యం చేశారు. ఇచ్చినవారు బల్లలకూ పుస్తకాలకూ అని రాసి ఇచ్చారు. బీరువా మీద దాత పేరు రాయవచ్చు, టీచరు జీతం మీద ఎక్కడ రాస్తాం? అంచేత బీరువాలకు దాతలు దొరికినట్టు జీతాలకు దొరకరు. అదంతా నిజమే. కాని అదే నెలలో వార్షికోత్సవం చేసి, షామియానాకూ కుర్చీలకూ అద్దె అణాపైసలతో చెల్లించాం. ఎంచేతనంటే, షామియానావాడు ఊరుకోడు. పంతులమ్మ ఊరుకుంటుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ పాత టీచరుకు ఫోను చేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఎలా ఉన్నారండీ?" అని పలకరించింది. నసుగుతూ జీతం మాట ఎత్తాను.

"జీతం ఒక్కటే కాదండీ" అంది. "తొమ్మిదిన్నరకు తాళం వేసి, ఆ లారీల మధ్యనుంచి ఒక్కదాన్నీ రోడ్డుదాకా నడిచేదాన్ని. తాగినవాళ్ళుండేవారు. ఆరునెలల్లో మీలో ఎవరూ 'ఇంటికెలా వెళుతున్నావు' అని అడగలేదు. అడుగుతారేమోనని చూశాను."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆవిడే అడిగింది: "అది సరేగాని, ఆ పెయింటు కుర్రాడికి గుణింతం వచ్చిందాండీ? 'గ' కొమ్ము దగ్గర ఆపేశాను వాణ్ణి."

చూశారూ! వెళ్ళిపోయి నాలుగు నెలలైనా, వాడు ఎక్కడ ఆగాడో ఆవిడకు జ్ఞాపకం ఉంది. మా రికార్డుల్లో మాత్రం ఎక్కడా లేదు. మా రిజిస్టరులో వాడు 'హాజరు' అంతే.

మన దేశంలో చదువుకోసం పాటుపడిన సంస్థలకు లోటు లేదు. 1914లో ఇదే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షత వహించారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. పాతూరి నాగభూషణంగారు 1935లో కృష్ణా కాలవల మీద పడవలో పుస్తకాలు నడిపించారు. మన కాలానికి వస్తే, శాంతా సిన్హాగారి సంస్థ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనికిపోయే పిల్లలను శిబిరాల్లో చేర్చి, చదివించి, తిరిగి మామూలు బళ్ళలో కూర్చోబెట్టింది. ఆవిడకు 2003లో మెగసేసే బహుమతి వచ్చింది. ఈ పేర్లు మనం చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. కాని రేవు దగ్గర పడవ ఆపి, తడవకుండా పుస్తకం చేతికందించిన మనిషి ఒకరుండాలిగదా? శిబిరంలో రాత్రి జ్వరమొచ్చిన పిల్లవాడి పక్కన కూర్చున్న మనిషి ఒకరుండాలిగదా? సంస్థ నిలబడేది ఆ మనిషి మీద. స్థాపకులకు శిలాఫలకం ఉంటుంది. జీతం తీసుకుని పనిచేసే మనిషికి ఒకటో తారీకన్నా ఉండవద్దూ?

ఆదివారం కమిటీని పిలిపించాను. ఫోనులో విన్నదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. నా తప్పు ముందు చెప్పడంచేత ఎవరికీ కోపం రాలేదు. పాత టీచరు బాకీ ఆ రోజే తీర్చాం. వచ్చే ఏడు వార్షికోత్సవానికి షామియానా లేదు, మేడమీద చాపలే. అధ్యక్షులవారు కాస్త నొచ్చుకున్నారు గాని, చాపల మీద కూడా ఉపన్యాసం చెప్పవచ్చునని మావారు ఆయన్ను ఓదార్చారు.

తర్వాత కొత్తమ్మాయిని పిలిచి, "ఏం కావాలో చెప్పు తల్లీ" అన్నాను. ఆ పిల్ల కాసేపు తటపటాయించి, "జీతం ఏ తారీకున ఇస్తారండీ?" అంది. "ఎంతన్నది నాకు తెలుసండి. తారీకు తెలిస్తే మా అమ్మకు చెబుతాను. పదో తారీకు దాటితే అమ్మ బదులు తీసుకోవాలి, దానికి వడ్డీ."

అయిదో తారీకని కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాం. రెండు నెలల జీతాలకు సరిపడా డబ్బు బ్యాంకులో విడిగా వేసి, దాన్ని మరి దేనికీ ముట్టకూడదని తీర్మానం రాసుకున్నాం. రాత్రి తొమ్మిదిన్నరకు పటమటలో ఆవిడ గదిదాకా దిగబెట్టడానికి తెలిసిన ఆటో ఒకటి మాట్లాడాం. ఆటో కిరాయి సంస్థదే. ఇంకొక పనీ చేశాం. ఇంట్లో వంటమనిషిని పెట్టుకునేటప్పుడు నలుగురిని వాకబు చేస్తామే, పరాయివాళ్ళ పిల్లలను అప్పజెప్పే మనిషి గురించి ఎన్నడూ చేసినవాళ్ళం కాదు. ఇప్పుడు చేశాం. పిల్లల రక్షణకోసం 2012లో వచ్చిన పోక్సో చట్టంలో ఏముందో ఆవిడా మేమూ కలిసి కూర్చుని చదువుకున్నాం. పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరు గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాం. ఇది ఆవిడ మీద అనుమానం కాదు. రేపు ఎవరైనా ఆవిడను ఒక మాట అంటే ఆవిడకూ అదే రక్ష.

అన్నింటికన్న ముఖ్యమైంది చివర జరిగింది. పాత టీచరు ఒక శనివారం సెలవు పెట్టుకుని వచ్చింది. నేను పిలిచాను గాని, వస్తుందనుకోలేదు. ఇద్దరమ్మాయిలూ చాప మీద ఎదురెదురుగా కూర్చున్నారు. 27 మందీ ఒక్కొక్కరే. వీడికి హెచ్చవేతలొచ్చు, భాగహారం రాదు. వీడు గట్టిగా అరిస్తే మర్నాడు రాడు. వీడి తండ్రి మంగళవారాలు తాగి వస్తాడు, బుధవారం వీణ్ణి ఏమీ అడక్కు. ఇతగాడికి అద్దాలు కావాలి, చదువు కాదు. రెండు గంటలు చెప్పింది. కొత్తమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది. నేను టీ కాచి ఇచ్చాను. మా సంస్థలో ఇన్నాళ్ళకు జరిగిన మొదటి స్వాగతసభ అదేనని నా అభిప్రాయం. వెళ్ళిపోయిన మనిషికన్న బాగా కొత్త మనిషికి స్వాగతం చెప్పగలిగేవారు లేరు.

ఆ మర్నాటినుంచి కొత్తమ్మాయి పాఠం పద్ధతి మార్చింది. వయస్సునుబట్టీ, ఒకప్పుడు ఏ తరగతిలో బడి మానేశారన్నదాన్నిబట్టీ కాకుండా, ఎవరికి ఎంతవరకు చదవడం వచ్చునో చూసి కూర్చోబెట్టింది. అక్షరాలవాళ్ళు ఒకచోట, మాటలవాళ్ళు ఒకచోట, పేరా చదివేవాళ్ళు ఒకచోట. ఇది కొత్త విషయమేమీ కాదు. 2005లో మొదలైన అసర్ సర్వే వారు ఇన్నేళ్ళుగా చెబుతున్నదే. 2024లో వారు చూస్తే, గ్రామాల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు సగంకన్న కాస్త తక్కువే. తరగతి పేరు ఒకటి, వచ్చిన చదువు ఒకటి. పదహారేళ్ళవాణ్ణి అక్షరాల గుంపులో కూర్చోమంటే సిగ్గుపడతాడుగదా అని నేను జంకాను. ఆవిడ ఆ గుంపుకు పుస్తకం ఇవ్వలేదు. కిందకు తీసుకెళ్ళి, ఆగి ఉన్న లారీల వెనక రాతలు చదివించింది. అవి పెయింటు కుర్రాడు రాసినవే. తను రాసినవాటిని తను చదవడం సిగ్గెందుకవుతుంది?

ఆ వారంలోనే ఒక కుర్రాడు అడిగేశాడు: "మేడం, మీరెన్నాళ్ళుంటారు?"

నేను అక్కడే ఉన్నాను. గుండె గుబేలుమంది. నేనైతే "ఎప్పటికీ ఉంటాను నాయనా" అని అబద్ధమాడేసేదాన్ని. ఆవిడ ఆలోచించి, "అది నాకు తెలీదురా. వేసవిలో మీ పరీక్షలయ్యేదాకా మాత్రం ఉంటాను. వెళ్ళేటట్టయితే నెల ముందు మీకే చెబుతాను, కమిటీవాళ్ళకు తర్వాత" అంది. కుర్రాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళతో ఇంతవరకు ఎవరూ తారీకు చెప్పి మాట్లాడలేదు. తారీకు విలువ తెలిసిన ఇంటినుంచి వచ్చిన పిల్ల కనక, ఆవిడ చెప్పగలిగింది.

మీ ఊళ్ళోనూ ఇలాంటి సంస్థ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మీలో కమిటీ సభ్యులూ ఉండవచ్చు. కొత్తవారు చేరినప్పుడు దండ వెయ్యండి, వద్దనను. కాని దండకు ముందు మూడు పనులు చెయ్యండి: పోయినవారు ఎందుకు పోయారో వారినే అడగండి. జీతం తారీకు రాసివ్వండి. రాత్రి ఇంటికెలా వెళతారో కనుక్కోండి. ఉప్పుడబ్బా అంటే ఇవే.

మొన్న శుక్రవారం జమాఖర్చుల పుస్తకం తీసుకుని వెళ్ళాను. గుమ్మానికి ఆ రేకుబోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది, సుద్దముక్కతో రాసిన పేరుతో. పెయింటు కుర్రాడు దాని ముందు నుంచుని, వేలుపెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటున్నాడు. నన్ను చూసి, "అమ్మగారూ, అక్క పేరు తప్పు రాశామండి" అన్నాడు.

'అక్క' అన్నమాట విన్నాను గాని, పైకి ఏమీ అనలేదు. "ఎక్కడరా తప్పు?" అన్నాను.

"ఇక్కడ కింద వత్తుండాలండి. లేదు. మీరిచ్చిన చీటీలోనే లేదు."

కళ్ళజోడు సవరించుకుని చూశాను. లేదు. 30 ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని, కంగారులో ఆ పిల్ల పేరులో వత్తు మింగేశాను. నెలన్నరగా ఆ పిల్ల తన తప్పు పేరు కింద నుంచే రోజూ లోపలికి వెళుతోంది. ఒక్కమాట అనలేదు.

వాడు చొక్కా చేతితో ఆ అక్షరం తుడిచి, వత్తుతో సహా మళ్ళీ రాశాడు. ఈసారి చీటీ చూడలేదు. "సుద్దముక్క అవబట్టి సరిపోయిందండి" అన్నాడు.

"మరి పెయింటెప్పుడురా?"

"పరీక్షలవనీండి" అన్నాడు, ముందుగా మేస్త్రీ అనుమతి తీసుకోవలసిన పని ఏదో చెప్పినట్టు, చాలా గంభీరంగా.